బండి ఎవరిది? - మూడు చక్రాల మీద ఒక చరిత్ర

స్త్రీల చరిత్ర రాసుకునే క్రమంలో మనం చదువు గురించి రాశాం. పెళ్లి గురించి, కట్నం గురించి, భూమి గురించి రాశాం. బండి గురించి మాత్రం చాలా తక్కువ రాశాం. బండెక్కి ప్రయాణం చేసిన స్త్రీ యాత్రాసాహిత్యంలో ఏదో ఒక మూల కనిపిస్తుంది. బండి తోలిన స్త్రీ ఎక్కడుంది? ఆ బండి తన పేరున ఉన్న స్త్రీ ఎక్కడుంది? ఈ రెండూ వేరువేరు ప్రశ్నలు. రెంటినీ కలిపేసి "ఆడవాళ్లు ఆటోలు కూడా నడుపుతున్నారు" అని సంబరపడి వదిలేయడం వల్ల అసలు విషయం జారిపోతోందని నా అనుమానం.

మన ప్రాంతంతోనే మొదలుపెడదాం. 1830 మే నెలలో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య తిరుపతి మీదుగానే వెళ్లాడు. దారులు, సత్రాలు, దొరికే సరుకులు, బోయీల కష్టసుఖాలు, అన్నీ రాసుకున్నాడు. ఆ యాత్రలో ఆడవాళ్లూ ఉన్నారు. అయితే ఆ రోజుల్లో మంచి కుటుంబాల స్త్రీకి ప్రయాణమంటే మూసిన పల్లకీ. పల్లకీ తర్వాత గుడిసె బండి, జట్కా, రిక్షా వచ్చాయి. వాహనాలు మారుతున్నకొద్దీ తెర పల్చబడుతూ వచ్చింది కానీ, ఆమె కూర్చునే చోటు మాత్రం మారలేదు. ఎప్పుడూ వెనకే.

ముందు కూర్చున్న తొలి స్త్రీ కోసం వెతుక్కుంటూ పోతే చాలా దూరం వెళ్లాల్సి వస్తుంది. విచిత్రమేమిటంటే అక్కడ కనిపించేది కూడా మూడు చక్రాల బండే. 1886 జనవరిలో జర్మనీలో కార్ల్ బెంజ్ పేటెంటుకు దరఖాస్తు చేసిన మోటారు వాహనానికి మూడే చక్రాలు. తలుపులు లేవు, పైన కప్పు లేదు. ఆ బండిని నమ్మి కొనేవాళ్లు దొరకక ఇంట్లో దిగాలుగా ఉన్న రోజుల్లో, 1888 ఆగస్టులో, ఆయన భార్య బెర్తా బెంజ్ భర్తకు చెప్పకుండా ఇద్దరు కొడుకుల్ని వెంటేసుకుని మన్‌హైమ్ నుంచి పుట్టిల్లు ఫోర్జ్‌హైమ్‌కు ఆ బండి మీద బయలుదేరింది. నూరు కిలోమీటర్ల పైచిలుకు దారి. ఇంధనం అయిపోతే వీస్లోఖ్ ఊళ్లో మందుల షాపులో కొనుక్కుంది. గొట్టంలో మురికి అడ్డుపడితే టోపీకి పెట్టుకునే పిన్నుతో పొడిచి తీసింది. బ్రేకు చెక్క అరిగిపోతే చెప్పులు కుట్టేవాడి చేత తోలు వేయించింది. ఎత్తులు ఎక్కలేకపోయిన చోట పిల్లలు తోశారు. తిరిగొచ్చాక ఎత్తులెక్కడానికి ఇంకో గేరు కావాలని భర్తకు చెప్పింది.

ఈ కథను లోకం ముచ్చటగా చెప్పుకుంటుంది. టోపీపిన్ను దగ్గర అందరూ ఆగుతారు. నేను ఆగాలనుకునేది ఇంకోచోట. పెళ్లికి ముందే తన కట్నం సొమ్మును ఇప్పించి, భాగస్వామి వాటా కొనడానికి కార్ల్‌కు ఇచ్చినదీ బెర్తానే. అంటే పెట్టుబడి ఆమెది. తొలి దూరప్రయాణం ఆమెది. దారిలో చేసిన మరమ్మతులు, చెప్పిన మార్పులు ఆమెవి. పేటెంటు మాత్రం భర్త పేరున. ఆనాటి చట్టాల కింద పెళ్లైన స్త్రీ ఆస్తి మీద పెత్తనం భర్తదే. బండిని ప్రపంచానికి చూపించిన మనిషికి బండి మీద హక్కు లేదు. మోటారు చరిత్ర మొదటి పేజీలోనే తోలడం, సొంతం కావడం విడిపోయాయి.

మన వీధుల్లోకి వచ్చిన మూడు చక్రాల బండి పుట్టింది ఇటలీలో. రెండో ప్రపంచయుద్ధం తర్వాత చితికిపోయిన ఆ దేశంలో చిన్న వ్యాపారులు సరుకు మోసుకోవడానికి పియాజియో కంపెనీ 1948లో 'అపే' అనే బండి తెచ్చింది. ఆ మాటకు తేనెటీగ అని అర్థం. అంతకుముందు వచ్చిన స్కూటరు 'వెస్పా' అంటే కందిరీగ. మన దగ్గర బజాజ్ 1959లో ప్రభుత్వ లైసెన్సు పొంది, పియాజియో సహకారంతో స్కూటర్లు, ఆటోలు తయారుచేసింది. కూలి పనికి పుట్టిన ఆ తేనెటీగ ఇక్కడ మనుషుల్ని మోసే బండి అయింది. తొంభైల చివర పియాజియో నేరుగా వచ్చి డీజిలు 'అపే'ను దించాక, రాయలసీమ పల్లెల్లో అది ఆపీ ఆటో అయి, బస్సు పోని ఊళ్లకు బస్సయింది.

దీన్ని నడపడానికి కండబలం కావాలని ఒక నమ్మకం ఉంది. పాత ఆటోలో ఏముందో చూడండి. కూర్చున్న చోటి నుంచే చేత్తో లివరు లాగి స్టార్టు చేయాలి. ఎడమచేతి పిడిలోనే క్లచ్చు, గేర్లు. కుడిచేతిలో యాక్సిలరేటరు. కుడికాలి కింద బ్రేకు. రోలు రుబ్బిన చేతికి, బావి చేద లాగిన చేతికి ఇందులో మోయలేని బరువేదీ లేదు. అయినా ఈ బండి మన దేశంలోకి వచ్చిన దాదాపు మూడు దశాబ్దాలకు, 1988లో, పూనాలో షీలా దావ్రే ఆటో నడిపితే అది రికార్డు పుస్తకంలోకి ఎక్కాల్సినంత వింత అయింది. అడ్డుపడింది లివరు కాదని దీన్నిబట్టి తెలుస్తుంది.

నేను తిరుపతిలో చదువుకున్నాను. ఈ ఊరి బతుకంతా వచ్చేపోయే జనం మీద నడుస్తుంది. రైల్వేస్టేషను, బస్టాండు, గోవిందరాజస్వామి గుడి, కపిలతీర్థం, తిరుచానూరు, అలిపిరి, వీటి మధ్య తిరిగే ఆటోల మీద వేల కుటుంబాలు ఆధారపడ్డాయి. కొండ మీదికి ఆటోలను పోనివ్వరు, అలిపిరి దాని హద్దు. చంద్రగిరి, రేణిగుంట, కాళహస్తి, పుత్తూరు వైపు పల్లెల నుంచి పాలక్యాన్లు, పూలబుట్టలు, కాలేజీ పిల్లలు, ఆస్పత్రికొచ్చే గర్భిణులు అందరికీ షేరాటోనే దిక్కు. ఎక్కేవాళ్లలో ఆడవాళ్లెంతమందో లెక్కబెట్టనక్కర్లేదు, చూస్తే తెలుస్తుంది. తోలేవాళ్లలో ఆడవాళ్లెంతమందో మాత్రం వేళ్ల మీద లెక్కబెట్టొచ్చు.

ఇక సొంతదారుల సంగతి. ఇక్కడే నాకు ఆశ్చర్యం కలిగింది. బండి రిజిస్ట్రేషను కార్డు చూపించమని అడిగితే, చాలా కార్డుల మీద ఆడవాళ్ల పేర్లున్నాయి. కారణం మన ఉద్యమ చరిత్రలోనే ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక పోరాటం చిత్తూరుకూ పాకింది. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. ఆ ఊపులోనే పొదుపు సంఘాలు బలపడ్డాయి. తర్వాతి దశాబ్దాల్లో బ్యాంకులు సంఘాలకు అప్పులివ్వడం అలవాటు చేసుకున్నాయి. అప్పు ఆమె పేరున వస్తుంది కాబట్టి ఆ అప్పుతో కొన్న బండి కూడా కొన్ని ఇళ్లలో ఆమె పేరునే వచ్చింది. ప్రతి నెలా సంఘం మీటింగులో కంతు కట్టాల్సింది ఆమె. బండి తాళం ఉండేది భర్త జేబులో, లేకపోతే కొడుకు జేబులో.

సాహిత్య విద్యార్థిని కాబట్టి నాకు ఏ కాగితం కనిపించినా పాఠంలాగే చదవడం అలవాటు. ఆ కార్డు మీద సొంతదారు పేరు కింద ఒక గడి ఉంటుంది. సన్ ఆఫ్, డాటర్ ఆఫ్, వైఫ్ ఆఫ్. సొంతదారు ఆమే, కానీ ఆమె ఎవరి తాలూకో చెప్పకుండా ఆ కార్డు పూర్తికాదు. భర్తలు మాత్రం అందులో ఎవరికీ భర్తలు కారు. వాళ్లు కొడుకులు.

బీనా అగర్వాల్ 1994లో వెలువరించిన తన గ్రంథంలో భూమి విషయంగా ఈ తేడానే వివరించారు. పట్టా చేతికి రావడం వేరు, ఏం పండించాలో, ఎప్పుడు అమ్మాలో నిర్ణయించే అధికారం చేతికి రావడం వేరు. బంగ్లాదేశ్ స్త్రీల అప్పుల మీద 1996లో ఆన్ మేరీ గోయెట్జ్, రీనా సేన్ గుప్తా చేసిన అధ్యయనంలో, అప్పు వాడకం మీద పూర్తిగానో చాలావరకో పట్టు నిలుపుకున్న స్త్రీలు సుమారు 37 శాతమే. మన రాష్ట్రంలో ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు సమాన వాటా ఇచ్చే సవరణ 1985 సెప్టెంబరు నుంచే అమల్లోకి వచ్చింది. దేశమంతటికీ అది 2005లో వచ్చింది. ఇరవయ్యేళ్లు ముందు మేల్కొన్న రాష్ట్రం మనది. అయినా పుట్టింటి వాటా అడిగిన ఆడపిల్లకు ఆ ఇంటి గడప ఏమవుతుందో మనకు తెలియనిది కాదు. భూమి అడిగితే పుట్టిల్లు పోతుంది. తాళం అడిగితే కాపురంలో గొడవవుతుంది. అందుకే పేరుతో సరిపెట్టుకుంటారు.

దీనికి పూర్తిగా తిరగబడ్డ పరిస్థితి కూడా ఉంది. తోలేది ఆమె, బండి ఇంకొకరిది. కాళహస్తి రోడ్డులో బాడుగ బండి తోలే ఒకామెను సొంత బండికీ దీనికీ తేడా ఏమిటని అడిగాను. "బాడుగ బండి అయితే దినం దినం కట్టాల మేడం. బిడ్డకు జరమొచ్చినా కట్టాల, గిరాకీ లేకపోయినా కట్టాల. సొంతానిదైతే ఒక దినం ఇంట్లో ఉండిపోతే నన్ను అడిగేవాడెవడు?" అంది. సొంత ఆస్తి అంటే ఏమిటో ఇంతకన్నా సూటిగా చెప్పిన నిర్వచనం నేను చదవలేదు. ఆమెకు ఆస్తి అంటే ఒక రోజు ఆగగలిగే హక్కు.

ఈ రెండు సగాలు ఒక్కచోట కలవకుండా ఆపిన వాటిలో చట్టానికీ వాటా ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం బాడుగ వాహనం తోలడానికి ఇరవయ్యేళ్లు నిండాలి. తేలికపాటి వాహనం లైసెన్సు పొంది ఏడాది గడిస్తేనే బాడుగ వాహనం నేర్చుకునే లైసెన్సు ఇస్తారు. దాని పైన ఎనిమిదో తరగతి చదివుండాలన్న కేంద్ర నిబంధన ఉండేది. పైకి అది అందరికీ ఒకటే. కానీ ఐదో తరగతి తర్వాత బడి మాన్పించింది ఎక్కువగా ఎవర్నో గుర్తు చేసుకుంటే ఆ నిబంధన ఎవరి దారి మూసిందో అర్థమవుతుంది. 2019లో దాన్ని ఎత్తేశారు. 7,500 కిలోల లోపు బండ్లకు తేలికపాటి వాహనం లైసెన్సు చాలు, బాడుగకు విడిగా అనుమతి రాయించుకోనక్కర్లేదని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. 2024 నవంబరులో రాజ్యాంగ ధర్మాసనం ఆ మాటే ఖాయం చేసింది. స్త్రీల కోసమని ఈ మార్పులు రాలేదు. అయినా ఎక్కువ మేలు పొందాల్సింది వాళ్లే.

ఆటోకు తలుపులు లేవన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది. తోలే స్త్రీకి అది చాలా పెద్ద విషయం. కారు నడిపే స్త్రీ అద్దాలెత్తుకుని తన లోకంలో తానుండొచ్చు. ఆటో తోలే స్త్రీని వీధి మొత్తం చూస్తుంది. ఎండ, దుమ్ము, సిగ్నలు దగ్గర పక్కబండి వాడి వ్యాఖ్య, అన్నీ ఒంటి మీద పడతాయి. స్టాండులో వరస దగ్గర పేచీలు, మూత్రానికి వెళ్లే చోటు లేక నీళ్లు తాగడం మానేయడం వేరే. అదే సమయంలో ఆ తెరిచి ఉండటమే రక్షణ కూడా. ఎవరెక్కారో, ఏం మాట్లాడుతున్నారో నలుగురికీ తెలుస్తుంది. పల్లకీ తెర స్త్రీని దాచి కాపాడానంది. ఆటో దాచకుండానే కాపాడుతుంది. చీర మీద ఖాకీ చొక్కా తొడుక్కున్న స్త్రీని రోజూ చూసిచూసి ఒక వీధి అలవాటుపడటం, నా దృష్టిలో, ఏ ఉపన్యాసమూ చేయలేని పని.

అందుకే గులాబీ రంగు ఆటోల మీద నాకు పేచీ ఉంది. ఆడవాళ్లు తోలే బండ్లకు వేరే రంగు వేసి, ఆడవాళ్లనే ఎక్కించుకోమనడం చాలా నగరాల్లో జరిగింది. మొదట ధైర్యం ఇవ్వడానికి అది పనికొస్తుందేమో. కానీ బాడుగలో సగం గిరాకీని ముందే వదులుకోమనడం న్యాయమేనా? కుటుంబంతో కొండకొచ్చిన యాత్రికుడు ఏ బండెక్కాలి? వీధి అందరిదీ అన్న హక్కు కోసం బయటికొచ్చిన మనిషికి వీధిలోనే ఒక వంటిల్లు కట్టి ఇచ్చినట్టుంది.

ఇప్పుడు ఈ ప్రశ్న ఎందుకు అత్యవసరమో చెబుతాను. 2025 ఆగస్టు 15న మన రాష్ట్రంలో స్త్రీశక్తి పేరుతో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. కూలికెళ్లే స్త్రీకి, చదువుకునే పిల్లకి అది ఎంత మేలో నేను వేరే చెప్పనక్కర్లేదు. వెంటనే ఆటోవాళ్ల గిరాకీ పడిపోయిందన్న గొడవ లేచింది. అక్టోబరు 4న ప్రభుత్వం డ్రైవర్లకు 15,000 రూపాయల సాయం మొదలుపెట్టింది. 2019లో అప్పటి ప్రభుత్వం ఇదే తేదీన, సొంత బండి తోలుకునేవాళ్లకు ఏడాదికి 10,000 ఇచ్చే వాహనమిత్ర ప్రారంభించింది. సాయం రావాల్సిందే. కానీ ఈ చర్చ మొత్తం ఎలా నడిచిందో గమనించారా? బస్సెక్కే ఆడవాళ్లు ఒకవైపు, కడుపు కాలే ఆటో మగవాళ్లు ఒకవైపు. కంతు కట్టే ఆడది ఈ రెండు వైపులా లేదు. గిరాకీ పడిపోతే సంఘంలో నిలబడి సమాధానం చెప్పుకోవాల్సింది ఆమే. తోలే ఆడది అసలే లేదు. ఉచిత బస్సెక్కి స్టాండుకొచ్చి, అక్కడి నుంచి బాడుగ బండి తీసే స్త్రీ ఉందని ఈ చర్చకు గుర్తే రాలేదు.

భండారు అచ్చమాంబ వందేళ్లకు పైగా వెనక స్త్రీల చరిత్రలు వెతికి పుస్తకం కట్టింది, స్త్రీలు అబలలన్న మాటకు జవాబుగా. 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర'లో తెలంగాణ పోరాట స్త్రీల నోటి మాటలే ఆధారంగా నిలబెట్టింది. మన ఆటో స్టాండుల్లో అలాంటి ఆధారాలు రోజూ తిరుగుతున్నాయి. వాళ్లను అడగాల్సిన ప్రశ్నలు మూడు. అప్పు ఎవరి పేరున ఉంది? కార్డు ఎవరి పేరున ఉంది? రాత్రి బండి ఇంటికి చేరాక తాళం ఎక్కడ పెడతారు? మొదటి రెండిటికీ కాగితం జవాబిస్తుంది. మూడోదానికి ఆమే చెప్పాలి.