ఇస్లామునందు స్త్రీల రాజ్యార్హతయు ఇమాము పదవియు

పాఠశాలలలో ఢిల్లీ సుల్తానుల చరిత్రము చెప్పునపుడు రజియా పేరు వచ్చినంతనే బాలు రొక ప్రశ్న వేయుదురు: ముస్లిముల రాజ్యమున నాఁడుదానికిఁ బట్టము గట్టవచ్చునా? ఉపాధ్యాయులలోఁ గొందఱు, వారి శాస్త్ర మొప్పదు, కావుననే యామె చంపఁబడెనని చెప్పి ముగింతురు. మఱికొందఱు, ఒప్పనిచో నామె యెట్లు రాజ్యమేలెనని యెదురు ప్రశ్న వేయుదురు. చిరకాలము వ్యాకరణపాఠము చెప్పినవాఁడ నగుటచే నాకీ రెండుత్తరములయందును శబ్దదోషమే ముందుగాఁ గనఁబడుచున్నది. దాయము, రాజ్యము, ఇమాము పదవి యను మూఁడు వేర్వేఱు పదార్థములను "హక్కు" అను నొక్క మాటలోఁ గుదించి యడిగిన ప్రశ్నకు సరియగు సమాధానము కుదురదు.

మొదట దాయము. ఖురాను నాల్గవ సూరా కొడుకు భాగములో సగము కూఁతునకు విధించినది. ఇది ధనమునకు సంబంధించిన విధి. రాజ్యమీ విభాగములోఁ జేరదు. ప్రవక్త 632లో మరణించినపుడు ఖలీఫా పదవి దాయముగా నెవరికిని సంక్రమింపలేదు. మదీనాలోఁ గూడినవారు అబూబక్రు నెన్నుకొనిరి. ప్రవక్త కుమార్తె ఫాతిమా ఫదకు భూమిని గోరఁగా, ప్రవక్తల సొత్తునకు వారసులుండరని అబూబక్రు నిరాకరించెను. ఆ వివాద మిప్పటికిని సున్నీలకు షీయాలకు నడుమఁ దీరలేదు. 661 తరువాత ఉమయ్యదులు తండ్రి వెనుకఁ గొడుకును గూర్చుండఁబెట్టు నాచారమును దెచ్చిరి గాని, ధర్మశాస్త్రజ్ఞులు దానిని దాయ మనలేదు. పూర్వుఁడు పరుని నియమించుట యనిరి. అనఁగా సున్నీ శాస్త్రమున రాజ్యము కొడుకునకే దాయముగా రాదు. కొడుకునకే లేనిది కూఁతునకుఁ గలదా యని యడుగుట నిష్ఫలము. షీయాల మాట వేఱు. అలీ తరువాతి వారి ఇమాములందఱు ఫాతిమా సంతతివారే. పరంపర యంతయుఁ గూఁతునుండియే నడచినను ఆమె మాత్రము ఇమాములలో లెక్కింపఁబడదు.

ఇమాము అను పదమును విచారింతము. అరబ్బీలో దానికి మూలమైన ధాతువునకు ముందుండుట, నడపుట యను నర్థములు గలవు. మన "పురోహిత" శబ్దమునందు "పురస్" ఎట్టిదో అదియు నట్టిది: ముందఱ నిలిచినవాఁడు. ప్రార్థనలో ముందు నిలుచువాఁడు చిన్న ఇమాము. సమాజమున కంతకు ముందు నిలుచువాఁడు, అనఁగా ఖలీఫా, పెద్ద ఇమాము. స్త్రీ పురుషులకు ప్రార్థన నడపరాదని నాలుగు సున్నీ సంప్రదాయములును జెప్పుచున్నవి. స్త్రీలకు స్త్రీ నడపుటను షాఫియీలును హంబలీలును అంగీకరింతురు, హనఫీలు అనుచిత మందురు, మాలికీలు ఒప్పుకొనరు. అంగీకరించినవారును ఆమె వరుసకు ముందుగాఁ గాక వరుస నడుమ నిలువవలె నందురు. ముందు నిలువని ఇమాము! శబ్దార్థమునకే విరుద్ధమైన యీ యేర్పాటున శాస్త్రకారుల సంకట మంతయు దాఁగియున్నది. ఉమ్మువరకా యను నామెను తన యింటివారికిఁ బ్రార్థన నడపుమని ప్రవక్త యనుమతించినట్లు అబూదావూదు సంగ్రహమున నొక హదీసు గలదు. ఆ యింటివారిలోఁ బురుషు లుండిరా లేదా యనుదానిపైఁ జర్చ నేఁటికిని సాగుచున్నది. 2005 మార్చిలో న్యూయార్కున ఆమినా వదూద్ స్త్రీపురుషులు గలిసిన ప్రార్థనను నడపినపుడును ఆ హదీసే వాదమునకు వచ్చినది.

పెద్ద ఇమాము పదవి స్త్రీకి లేదనుట సున్నీ శాస్త్రకారులలో దాదాపు నిర్వివాదము. 1058లో మరణించిన మావర్దీ తన రాజధర్మ గ్రంథమున మంత్రి పదవిని సైతము స్త్రీ కీయలేదు. న్యాయాధికారి పదవికి మాత్రము కొంత తెఱపి గలదు: స్త్రీ సాక్ష్యము చెల్లు విషయములలో నామె తీర్పును జెల్లునని అబూహనీఫా యనెను, అన్ని విషయములలోను జెల్లునని తబరీ యన్నట్లు చెప్పుదురు. నిషేధమున కాధారముగాఁ జూపఁబడు హదీసు పారసీక రాజకుమార్తె బూరాను పట్టాభిషేకవార్త విన్నపుడు ప్రవక్త పలికినట్లు చెప్పఁబడుచున్నది. స్త్రీకి రాజ్య మప్పగించిన జనము బాగుపడదని దాని భావము. దీనిని జెప్పిన అబూబక్రా (ఇతఁడు మొదటి ఖలీఫా గాఁడు, పేరు పోలికచే భ్రమపడరాదు) 656లో ప్రవక్త పత్ని ఆయిషా సేనతో నిలిచి యోడిన యొంటె యుద్ధసందర్భమున దీనిని స్మరించెను. ఇది యొక కాలపు పారసీకులను గూర్చిన మాటయా, సర్వకాలములకు విధియా యని వాదింతురు. ఖురానునందే యిరువదియేడవ సూరాలో షేబా దేశపు రాణి కథ గలదు. ఆమె సూర్యారాధనము నిందింపఁబడినదే కాని రాణి యగుట నిందింపఁబడలేదు.

శాస్త్రస్థితి యిట్లుండఁగా సింహాసనముపై స్త్రీలెట్లు గూర్చుండిరి? సుల్తాను శబ్దము మనకు దారి చూపును. ఖురానునం దా పదము వ్యక్తిని జెప్పదు. అధికారము, ప్రమాణము అను భావమును జెప్పును. భావవాచకమే పిదప నధికారము గలవానికిఁ బేరయ్యెను. ఖలీఫా ప్రవక్తకుఁ బ్రతినిధి. ఆ పదము రూపమున స్త్రీ ప్రత్యయాంత మైనను, మన "దార" శబ్దము భార్యను జెప్పుచుఁ బుంలింగమైనట్లు, అర్థమునఁ బురుషునే చెప్పును. సుల్తాను అట్టి ప్రతినిధి గాఁడు. వాని కత్తి వానిది, ధర్మము ఖలీఫాది. ఖలీఫా పంపిన పత్రమును వస్త్రమును వాని పాలనకు సమ్మతి. కావున సుల్తాను పీఠముపై స్త్రీ గూర్చుండినను పెద్ద ఇమాము పదవిని ముట్టినట్లు గాదు. నా యభిప్రాయమున స్త్రీల రాజ్యమునకుఁ దెఱచిన ద్వార మిదియే. శుక్రవారపు ఖుత్బాలోను నాణెముపైని ఆమె పేరునకుఁ బైన మఱియొక పేరుండవలెను. ఆ పై పేరువాఁడు సమ్మతింపవలెను.

రజియా తండ్రి ఇల్తుత్మిష్ 1229లో బాగ్దాదు ఖలీఫా ముస్తన్‌సిర్ పంపిన సమ్మతిని బొందెను. 1232లో గ్వాలియరు దుర్గమును జయించి వచ్చిన పిదప రజియాను యువరాజుగాఁ బత్రము వ్రాయించెను. కొడుకు లుండఁగా నిదేమని కొలువువారు విన్నవింపఁగా, నా కొడుకులు భోగలాలసులు, నా తరువాత మీరే యెఱుఁగుదురనెనని సమకాలికుఁడైన మిన్హాజ్ వ్రాసినాఁడు. ఇది శాస్త్రజ్ఞులు చెప్పిన నియామకమే గాని దాయము గాదు. 1236లో అతఁడు మరణింపఁగా సర్దారులు కొడుకు రుక్నుద్దీనునే నిలిపిరి. ఆఱేడు నెలలలోనే వాఁడు కూలెను. రజియా అన్యాయము పొందినవారు ధరించు నెఱ్ఱని వస్త్రముతో శుక్రవారము జనుల యెదుట నిలిచి న్యాయము వేఁడెనని ఇబ్నుబతూతా కొన్నాళ్లకు వినిన కథ. ఆమెను నిలిపినది ఢిల్లీ ప్రజ. ఆమె సుల్తాననియే పిలిపించుకొనెను. తెఱ విడిచి, పురుషవేషమున ఏనుఁగు నెక్కెను. కొలఁదికాలమునకుఁ దరువాత ఓరుగల్లున గణపతిదేవుని కూఁతురు రుద్రమదేవియు శాసనములలో "రుద్రదేవ మహారాజు" అని పుంలింగముతోనే కనఁబడుచున్నది. మతములు వేఱైనను సింహాసనపు వ్యాకరణ మొక్కటియే.

రజియా 1240లోఁ బదభ్రష్టురాలై, భటిండా నధికారి అల్తూనియాను బెండ్లాడి మరల రాజ్యమునకై పోరి, ఓడి, కైథల్ దగ్గఱఁ జంపఁబడెను. ఆమెకు రాజలక్షణము లన్నియుఁ గలవు గాని పురుషజన్మము లేకపోయె నని మిన్హాజ్ విచారించినాఁడు. శాస్త్ర మొప్పనందుననే యామె చచ్చెనన్నవారు ఈ మాటను బట్టుకొందురు. కాని తురుష్క సర్దారుల కోపమునకుఁ గారణము హబషీ యాకూతును అశ్వశాలాధిపతిగా నెత్తి పెట్టుట, తమ కూటమికి వెలుపలివారిని జేరఁదీయుట. ఆమె తరువాత వారు నిలిపిన బహ్రాము పురుషుఁడే. వానిని రెండేండ్లకే చంపిరి. వానికి స్త్రీత్వదోషము లేదుగదా!

ఈజిప్టునఁ దీరు వేఱు. సుల్తాను సాలిహ్ అయ్యూబు 1249 నవంబరులో ఫ్రెంచివారి దండయాత్ర నడుమ మరణింపఁగా భార్య షజరుద్దుర్ర్ ఆ మరణమును దాఁచి యుద్ధము నడపించెను. 1250 మే నెలలో మమ్లూకులు సవతి కొడుకు తూరాన్ షాను జంపి యామెనే పీఠ మెక్కించిరి. నాణెముపై నామె బిరుదములు విచారింపఁదగినవి. ముస్లిముల రాణి అనుచునే, ఖలీఫా ముస్తఅసిమునకు విధేయురాలు, సాలిహునకు సంబంధించినది, ఖలీలు తల్లి యని చెప్పుకొనెను. ఆ ఖలీలు శిశువుగానే చనిపోయినవాఁడు. ఇన్ని యాశ్రయములు గోరినను ఖలీఫా సమ్మతింపలేదు. మీలోఁ బురుషులు లేనిచో మేమే పంపుదుమని పరిహసించెనని చరిత్రకారు లందురు. ఇంచుమించు ఎనుబది దినములకే యామె ఐబకును బెండ్లాడి పీఠము విడిచెను. పురుషుని బంపెదనన్న ఆ ఖలీఫా 1258లో మంగోలుల చేతఁ జచ్చెను, బాగ్దాదును గాపాడుకొనలేకపోయెను.

సుమత్రా ద్వీపపు ఆచే రాజ్యమున 1641 మొదలు 1699 వఱకు నలువురు రాణు లొకరి వెనుక నొకరు ఏలిరి. మొదటి యామె సఫియతుద్దీన్ షా. ఇస్కందర్ మూదా కూఁతురు, ఇస్కందర్ సానీ భార్య. మన మచిలీపట్టణపు వస్త్రము లామె రేవున దిగుచుండెను. ఆమె కోరఁగా ధర్మశాస్త్రము వ్రాసిన అబ్దుర్రవూఫ్ పండితుఁడు స్త్రీ రాజ్యమేలవచ్చునా యను ప్రశ్నను దాఁటి పోయెను. పండితుల మౌన మొకప్పుడు గొప్ప యనుమతి. కడపటి రాణి కమాలత్ షాను 1699లో దింపుటకు మక్కానుండి వచ్చిన పత్రము కారణమందురు. అనఁగా నక్కడను బై పేరువాఁడు కాదనినంతనే పీఠము గదలెను. భోపాలునఁ బై పేరు ఇంగ్లీషు ప్రభుత్వము. సికందర్ బేగము 1860లోను, షాజహాన్ బేగము 1868లోను, సుల్తాన్ జహాన్ బేగము 1901లోను స్వనామముననే పాలకురాండ్రైరి. షాజహాన్ బేగము తాజుల్ మసాజిదను మహాప్రార్థనామందిరము నారంభించెను. అందు ఇమాముగా నిలుచుట మాత్ర మామెకు లేదు.

ఇంతవఱకు చెప్పినవారందఱు సింహాసనము నెక్కినవారు. మతాధిపత్యమునకు సమీపించిన స్త్రీ యమను దేశపు అర్వా. సులైహీ వంశపు ముకర్రముని భార్య. అతఁడు వ్యాధిగ్రస్తుఁడై పాలన నామెకు విడిచి 1084లో మరణించెను. ఆమె సనా నగరమును విడిచి జిబ్లాకు రాజధాని మార్చుటను గూర్చి యొక కథ గలదు. సనాలో జనులను బిలిపింపఁగా కత్తులును ఈటెలును మెఱసెనఁట. జిబ్లాలోఁ బిలిపింపఁగా నొకఁడు గొఱ్ఱెను దోలుకొని వచ్చెను, ఒకఁడు నేయి తెచ్చెను, ఒకఁడు తేనె తెచ్చెను. వీరి నడుమ బ్రదుకుట మేలని యామె భర్తతో ననెనఁట. ఆమె ఇస్మాయిలీ షీయా. ఆమెకుఁ బై పేరు కైరోలోని ఫాతిమీ ఇమాము ముస్తన్‌సిర్ (బాగ్దాదు ముస్తన్‌సిర్ వేఱు). అతఁ డామెకు "హుజ్జా" పదవి నిచ్చెను. ఇది మతవ్యవస్థలో ఇమామునకుఁ జేరువ మెట్టు. హుజ్జా యనఁగాఁ బ్రమాణము, పదము స్త్రీలింగము, అప్పటివఱకు దానిని ధరించినవారు పురుషులు. ఇక్కడ లింగమునకు అర్థము తొలిసారి కుదిరినది! ఆక్షేపించినవారికి ఆమె పక్షపువాఁడైన అల్‌ఖత్తాబు దేహము తొడుగు మాత్రమనియు, దానినిబట్టి యోగ్యతను నిర్ణయింపరాదనియు సమాధానము వ్రాసెను. శాంతిపర్వమున సులభ జనకునితోఁ జేసిన వాదమును జదివినవారి కీ యుక్తి క్రొత్తగాఁ దోఁపదు.

1130లో ఇమాము ఆమిర్ హత్యకుఁ బాలుకాఁగా కైరోలో అతని జ్ఞాతి హాఫిజ్ తానే ఇమామనెను. అర్వా ఒప్పుకొనలేదు. ఆమిర్ శిశువు తయ్యిబే ఇమామని ప్రకటించి, ఆ శిశువు కనఁబడని కాలమున మతమును నడపుటకు జుఐబు అను పండితుని సర్వాధికారము గల దాయీగా నియమించెను. యోగ్యుఁడెవఁడో నిర్ణయించి నిలిపినది స్త్రీయే. కాని తాను ఇమామ ననలేదు. ఆ దాయీల పరంపరయే బోహ్రాలలో నేఁటివఱకు నడచుచున్నది. మన హైదరాబాదునను వారు గలరు. అర్వా 1138లో ఇంచుమించు తొంబదియేండ్ల వయస్సున మరణించెను. తన యాభరణముల నన్నిటిని, ఎవరికంటను బడని ఆ తయ్యిబునకుఁ జెందవలెనని మరణశాసనము వ్రాసి పోయెను.