చీమల పుట్టలో కప్ప కాపురం

పుట్టలో పాము చేరడం మనకు వింత కాదు. కప్ప చేరడమే వింత. పశ్చిమాఫ్రికాలో నివసించే, ఎరుపు నలుపు వర్ణాల ‘ఫ్రైనోమాంటిస్ మైక్రోప్స్’ కప్ప, వానలు లేని నెలల్లో తేమను వెతుక్కుంటూ ‘పాల్టోథైరియస్ టార్సాటస్’ చీమల భూగర్భ గూళ్లలో తలదాచుకుంటుంది. తమ గూటిలోకి వచ్చే ప్రాణులను ఈ పెద్ద చీమలు సాధారణంగా కుట్టి చంపుతాయి. ఈ కప్పను మాత్రం స్పర్శశృంగాలతో తడిమి విడిచిపెడతాయి.

కారణం దాని చర్మస్రావం. అందులో రెండు చిన్న పెప్టైడ్లు ఉన్నాయని 2013లో వెలువడిన పరిశోధన తేల్చింది. ఒకదానిలో 9, మరొకదానిలో 11 అమైనో ఆమ్లాలు. చీమలకు ఆహారమైన చెదపురుగులకు ఈ స్రావాన్ని పూసి వదిలితే, వాటిపై దాడి ఆలస్యమైంది. కృత్రిమంగా తయారుచేసిన పెప్టైడ్లు పూసినప్పుడూ చీమల దూకుడు తగ్గింది. పరిశోధకులు దీనిని రసాయనిక మారువేషంగా పేర్కొన్నారు.