రుద్రమ: ఒక పేరు కథ

హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్ళే దారిలో నకిరేకల్ మీదుగా ప్రయాణించని తెలుగువారు అరుదు. ఆ మండలంలోనే చందుపట్ల అనే ఊరు ఉందనీ, కాకతీయ రుద్రమదేవి మరణవార్తను చెప్పే శాసనం ఆ ఊరిదేననీ తెలిసినవారు మాత్రం కొద్దిమందే. శక సంవత్సరం 1211, విరోధి నామ సంవత్సరం, మార్గశిర మాసం. నేటి లెక్కలో 1289 నవంబరు 27. కాకతి రుద్రమదేవీ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడూ శివలోకానికి వెళ్ళినందున, వారి పుణ్యం కోసం పువ్వుల ముమ్మడి అనే అతడు అక్కడి సోమనాథ దేవరకు భూమి దానం చేశాడు. ఈ రాయి వెలుగులోకి రాకముందు ఆమె 1295 దాకా ఏలిందని పుస్తకాల్లో రాసేవారు. కాయస్థ అంబదేవునితో జరిగిన పోరులోనే రాణీ, సేనానీ ఒక్కసారిగా నేలకొరిగారని పి.వి. పరబ్రహ్మశాస్త్రిగారు ఊహించారు. 1290 నాటి త్రిపురాంతక శాసనంలో అంబదేవుడు మల్లికార్జునుణ్ణి గెలిచానని చెప్పుకోవడం ఆ ఊహకు బలం. ఎలా మరణించారన్నది మాత్రం చందుపట్ల రాయి చెప్పదు.

ఆ యుద్ధం గురించి చాలామంది రాశారు. నన్ను పట్టుకున్నది ఆమె పేరు. అందరూ తలచుకుని గర్వపడే ఈ పేరును కూతుళ్ళకు పెట్టుకునేవారు ఎందుకింత తక్కువ?

ముందుగా పేరు పుట్టుక చూద్దాం. రుద్రుడు అన్న మాటకు స్త్రీరూపం కావాలంటే సంస్కృతం 'రుద్రాణి' అంటుంది. ఇంద్ర, వరుణ, భవ, శర్వ, రుద్ర మొదలైన పేర్లకు 'ఆని' చేర్చి స్త్రీవాచకాలు సాధించే సూత్రం పాణినిలోనే ఉంది. ఇంద్రాణి, భవాని, శర్వాణి అలా వచ్చినవే. అయితే వీటన్నిటికీ అర్థం ఒకటే: ఫలానావాని భార్య. రుద్రాణి అంటే రుద్రుని ఇల్లాలు, పార్వతి. తెలుగు 'అమ్మ' అలా కాదు. మా నల్లగొండ పల్లెల్లో యాదయ్య–యాదమ్మ, లింగయ్య–లింగమ్మ, మల్లయ్య–మల్లమ్మ, ఐలయ్య–ఐలమ్మ అని జంటలు జంటలుగా పేర్లుంటాయి. యాదయ్యకు యాదమ్మ చెల్లెలు కావచ్చు, అత్త కావచ్చు, ఏమీ కాకపోవచ్చు. యాదగిరి నరసింహుని పేరు మగబిడ్డకు ఎంత సొంతమో ఆడబిడ్డకూ అంతే సొంతం. చాకలి ఐలమ్మ పేరూ ఈ అచ్చులోదే. రుద్రమ అన్నది ఈ పల్లెటూరి వ్యాకరణం కన్న పేరు. రుద్రుని భార్య అని కాదు, ఆడదైన రుద్రుడు అని దాని అర్థం. ఈ ఒక్క ముక్క అర్థమయ్యాక, నాకు ఆ పేరు మీద గౌరవం రెట్టింపయింది.

కాకతీయుల ఇంట్లో ఈ పద్ధతి వాడుకలోనే ఉంది. గణపతిదేవుని కూతుళ్ళలో ఒకామె గణపమ, కోట వంశపు బేతరాజు భార్య. తండ్రి పేరుకే 'అమ్మ' తగిలించారు. భర్త పోయాక ఆమె కూడా ధరణికోట ప్రాంతాన్ని ఏలింది. యనమదల శాసనం ఆమెదే. రెండో ప్రోలరాజు రాణి ముప్పమ. సంస్కృత శ్లోకాల్లోకి వెళ్ళేసరికి ఈ 'అమ్మ' కాస్తా 'అంబ' అవుతుంది: మైలమ మైలాంబ, గణపమ గణపాంబ, రుద్రమ రుద్రాంబ. ముప్పమ మాత్రం 'ముప్పమాంబ' అయింది. పాపం, ఆమెకు అమ్మ రెండుసార్లు దక్కింది!

గణపతిదేవుని పెదతండ్రి రుద్రదేవుడు, హనుమకొండ వేయిస్తంభాల గుడిని 1163లో కట్టించినవాడు. కొడుకులు లేని గణపతిదేవుడు కూతురికి ఆ పూర్వరాజు పేరే పెట్టాడు. ప్రతాపరుద్రుని ఆస్థాన పండితుడు విద్యానాథుడు ఈ సంగతి చెప్పాడు: తండ్రి ఆమెను కొడుకుగా ఎంచి రుద్రుడన్న పేరుతో పిలిచాడని. అందుకే పట్టం కట్టుకున్నాక శాసనాల్లో ఆమె ఎక్కువగా 'రుద్రదేవ మహారాజు'. సింథియా టాల్బట్ 1995లో ఆమె మీద రాసిన వ్యాసానికి 'ఆడరాజు' అనే అర్థం వచ్చే శీర్షిక పెట్టడం ఇందుకే. ఒక రాయి మీద 'రుద్రదేవ' అని కనబడితే అది పెదతాతా, మనుమరాలా అని తేల్చుకోవడానికి తేదీ చూడాలి. మనం ఇప్పుడు ఆమెను రుద్రమదేవి అనే పిలవడంలో ఈ ఇబ్బంది తప్పించుకోవడమూ ఉంది.

మగపేరు వెనకాల ఉన్న స్త్రీ ఎవరన్నది బయటివారికి అంతుపట్టలేదు. మోటుపల్లి రాజ్యం గురించి రాసిన మార్కోపోలో, భర్త పోయాక నలభై ఏళ్ళుగా న్యాయంగా ఏలుతున్న రాణి అక్కడ ఉందన్నాడు. మెచ్చుకోలు బాగానే ఉంది. కూతురిని భార్యను చేశాడు. ఆ మాట పట్టుకుని మన తొలితరం చరిత్రకారుల్లోనూ కొందరు ఆమెను గణపతిదేవుని భార్యగానే లెక్కగట్టారు. విద్యానాథునికి వ్యాఖ్య రాసిన కుమారస్వామి సోమపీథి ఆమె గణపతిదేవుని కూతురని ఎప్పుడో తేటగా చెప్పాడు. ఏలుతున్న ఆడది తప్పకుండా ఎవరికో భార్య అయి ఉండాలన్నది రుద్రాణి లెక్క. రుద్రమ లెక్క వేరు. ఆమె అసలు భర్త నిడదవోలు చాళుక్య వీరభద్రుడు. రుద్రుని నుంచి పుట్టినవాడు వీరభద్రుడని పురాణం; ఇక్కడ పేర్ల వరకు భార్యదే పైచేయి.

ఆమె కూతుళ్ళు ముగ్గురు: ముమ్మడమ్మ, రుద్రమ, రుయ్యమ. తల్లి పేరు ఒక కూతురికి నిలిచింది. ముమ్మడమ్మ కొడుకు ప్రతాపరుద్రునిలోనూ రుద్రుడు ఉన్నాడు. చందుపట్లలో దానం చేసిన మగవాని పేరు ముమ్మడి, రాజకుమార్తె పేరు ముమ్మడమ్మ అన్నదీ గమనించదగ్గదే. ఆ కాలానికి పేరు ఆడామగా ఇద్దరి ఉమ్మడి సొత్తు. సూర్యాపేట పక్కన పిల్లలమర్రిలో రేచర్ల బేతిరెడ్డి భార్య ఎఱకసాని 1208లో గుడి కట్టించి, దేవునికే తన పేరు పెట్టింది: ఎఱకేశ్వరుడు. భార్య పేరుతో శివుడు!

ఇక రెండో సంగతి. 1323లో ఓరుగల్లు పడ్డాక ఈ పేరు పల్లెల్లో పాతుకోలేదు. ఇరవయ్యో శతాబ్దంలో ఆంధ్రుల చరిత్ర మీద మోజు పుట్టి, రుద్రమ మళ్ళీ జనంలోకి వచ్చింది. అడివి బాపిరాజు 'గోన గన్నారెడ్డి', నోరి నరసింహశాస్త్రి 'రుద్రమదేవి' నవలలు ఇంటింటా చదివారు. 1986లో టాంక్‌బండ్ మీద విగ్రహం నిలిచింది. 2015లో గుణశేఖర్ సినిమా తీశారు. ఇంత జరిగినా బడి హాజరు పట్టీలో రుద్రమ కనబడటం అరుదే.

దీని పక్కన ఝాన్సీని పెట్టి చూడండి. ఝాన్సీ ఒక ఊరి పేరు. ఆ రాణి పేరు లక్ష్మీబాయి. ఉత్తరాదిలో ఆడపిల్లకు ఝాన్సీ అని పేరు పెడితే వింతగా చూస్తారు. తెలుగుదేశంలో ఝాన్సీ, ఝాన్సీరాణి, ఝాన్సీలక్ష్మి ఊరూరా ఉన్నారు. జాతీయోద్యమం వేడిమీద వచ్చిన పేర్లవి. తుంగతుర్తి వైపు కర్విరాల కొత్తగూడెంలో 1931లో పుట్టిన మల్లు స్వరాజ్యంగారి పేరు కూడా ఆ గాలి మోసుకొచ్చినదే. వందల మైళ్ళ అవతలి ఊరి పేరు మనకు ముద్దయింది గాని, మన నేల మీద ఏలినామె పేరు కాలేదు.

కారణాలు నాకు తోచినవి చెబుతాను. రుద్రుడంటే ఉగ్రరూపం, ఆడపిల్లకు ఆ పేరు పెడితే మొండిదవుతుందనే శంక పెద్దల్లో ఉంది. అంతకన్నా పెద్ద కారణం 'అమ్మ'. ఉద్యమకాలం నుంచి చదువుకున్న ఇళ్ళు 'అమ్మ' పేర్లను మోటుగా తలచి వదిలేస్తూ వచ్చాయి. యాదమ్మ మనుమరాలు యామిని అయింది, లింగమ్మ మనుమరాలు లిఖిత. రుద్రమ సరిగ్గా ఆ 'మోటు' వరుసలో ఇరుక్కుంది. మొదటి సగం మరీ మగది, రెండో సగం మరీ పల్లెటూరిది. అందుకే నవలకు పనికొచ్చింది, విగ్రహానికి పనికొచ్చింది, ఉయ్యాలకు రాలేదు. రుద్రాణిని పెట్టుకునేవారైనా అక్కడక్కడ ఉన్నారు. అది సంస్కృతం కదా, నోటికి గౌరవంగా ఉంటుంది!

మనవాళ్ళు నాయనమ్మ పేరు మనుమరాలికి పెట్టి, అత్త పేరు నోట పలకకూడదని కోడలు ఆ పిల్లను ఇంకేదో ముద్దుపేరుతో పిలవడం పాత అలవాటు. అలా రెండో పేరు చాటున రుద్రమ్మలు ఎవరైనా మీ ఇళ్ళలో, మూడు నాలుగు తరాల వెనక ఉన్నారేమో అడిగి చూడండి. ఏ ఊరు, ఏ కాలం అన్నంతవరకు తెలిసినా చాలు. చందుపట్ల చుట్టుపక్కల వారైతే మరీ సంతోషం.