రహీం సాబ్: ఢిల్లీ మరచిన గురువు

ఢిల్లీలోని ఓల్డ్ రాజిందర్ నగర్‌లో నేడు కోచింగ్ అంటే సివిల్స్ శిక్షణే. తెలుగు యువతకు ఆ పేట సుపరిచితం. విభజన శరణార్థుల కోసం వెలసిన ఆ కాలనీకి తొలి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ పేరు పెట్టారు. 1951 మార్చి 4న ఢిల్లీ నేషనల్ స్టేడియంలో మొదటి ఆసియా క్రీడలను ప్రారంభించినది ఆయనే. ఆరు రోజుల తర్వాత అక్కడే మేవాలాల్ చేసిన ఏకైక గోల్‌తో ఇరాన్‌ను ఓడించి భారత ఫుట్‌బాల్ జట్టు స్వర్ణం గెలిచింది. ఆ జట్టు శిక్షకుడు హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం.

రహీం బడిపంతులు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలుచుకుంది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆయన శిక్షణలోనే భారత్ నాలుగో స్థానంలో నిలిచింది.

అసలు పరీక్ష 1962లో జకార్తాలో ఎదురైంది. ఇజ్రాయెల్, తైవాన్‌లను ఇండొనేషియా క్రీడలకు దూరంగా ఉంచడాన్ని భారత ప్రతినిధి జి.డి. సోంధీ తప్పుపట్టారు. ఆ ఆగ్రహం ఆటగాళ్లపైకి మళ్లింది. ప్రేక్షకుల ఈసడింపుల మధ్యే, సెప్టెంబర్ 4న భారత్ 2-1తో దక్షిణ కొరియాపై నెగ్గింది. అప్పటికే క్యాన్సర్‌తో బాధపడుతున్న రహీం 1963 జూన్ 11న కన్నుమూశారు.

ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు మళ్లీ స్వర్ణం దక్కలేదు. 1970లో హైదరాబాదీ నయీముద్దీన్ సారథ్యంలో వచ్చిన కాంస్యమే చివరి పతకం. పతకాలను రాజధాని లెక్కపెట్టుకుంది; వాటిని పండించిన బడిని, మైదానాన్ని, పోలీసు జట్టును నిలబెట్టుకోవడం రాజ్యానికి పట్టలేదు. గురువు పోయినా విద్య నిలవాలంటే వ్యవస్థ ఉండాలి. రహీం తర్వాత నిలవనిది అదే.