లైపోడిస్ట్రోఫీ: క్లినికల్ ట్రయల్స్ చరిత్ర, విశాఖతో దాని సంబంధం

కొవ్వును దాచుకునే కణజాలం పుట్టుకతోనే లేకపోవడాన్ని గానీ, ఉన్నది మధ్యలో కరిగిపోవడాన్ని గానీ లైపోడిస్ట్రోఫీ అంటారు. చర్మం కింద తగిలే కొవ్వు గడ్డలకూ దీనికీ సంబంధం లేదు. తిండి చాలక చిక్కిపోవడం కూడా కాదు. తిన్నదాంట్లోని కొవ్వుకు చర్మం కింద చోటు లేకపోవడంతో అది కాలేయంలో, కండరాల్లో, రక్తంలో పేరుకుంటుంది. ఇన్సులిన్ ఎంత ఉన్నా సరిగా పనిచేయదు. మనిషి చూడటానికి బక్కపలచగా ఉంటాడు, లోపల మాత్రం ఊబకాయం తెచ్చే జబ్బులన్నీ ఉంటాయి. రోగం ముదిరిన వారి రక్తం తీసి ట్యూబులో కాసేపు నిలబెడితే, ఎండుగడ్డి రంగులో తేరుకోవాల్సిన సీరం పాలు కలిపినట్టు తెల్లగా తేలుతుంది. ఆ ట్యూబును ఒక్కసారి చూసిన ల్యాబ్ టెక్నీషియన్ మళ్లీ మరచిపోడు.

హెచ్‌ఐవీ మందుల వల్ల వచ్చే రకాన్ని పక్కన పెడితే ఇది చాలా అరుదు. పాక్షిక రకాలన్నీ కలిపినా పది లక్షల మందిలో కొద్దిమందికే ఉంటుందని అంచనా.

మొదటి వర్ణనలు ఐరోపాలో వచ్చాయి. బార్సిలోనాలో బర్రాకేర్ 1906లో, బెర్లిన్‌లో సైమన్స్ 1911లో ముఖం, చేతులు, ఛాతీ నుంచి కొవ్వు క్రమంగా మాయమైన రోగుల గురించి రాశారు. 1946లో లండన్ వైద్యుడు ఆర్.డి. లారెన్స్ ఒంట్లో కొవ్వు లేకపోవడం, మధుమేహం, కాలేయం పెరగడం ఒకే రోగంలోని భాగాలని చూపించాడు. పుట్టుకతో వచ్చే రకాన్ని 1954లో బ్రెజిల్‌లో బెరార్డినెల్లి, 1959లో నార్వేలో సైప్ నమోదు చేశారు. అప్పటికి ఇవన్నీ ఆశ్చర్యపడి రాసుకున్న కేసులు. మందు లేదు, మందు కోసం ఎక్కడ వెతకాలో కూడా తెలియదు.

పుట్టుకతో వచ్చే రకం మన ప్రాంతానికి ఎందుకు ముఖ్యమో జన్యువులు చెబుతాయి. దీనికి ప్రధాన కారణాలైన రెండు జన్యువుల్లో సీపిన్ తయారుచేసే బీఎస్‌సీఎల్2ను 2001లో, ఏజీపీఏటీ2ను 2002లో గుర్తించారు. తల్లి నుంచీ తండ్రి నుంచీ లోపమున్న జన్యువు ప్రతి వస్తేనే బిడ్డకు జబ్బు. ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం. మేనమామనో మేనబావనో చేసుకునే ఆచారం బలంగా ఉన్న కోస్తా జిల్లాల్లో ఈ లెక్కను తేలిగ్గా తీసుకోకూడదు. పసివాడికి కండలు ఉబ్బెత్తుగా, నరాలు తేలి, పొట్ట ముందుకొచ్చి, మెడ మీద చర్మం నల్లగా మందంగా కనిపిస్తే చాలాచోట్ల 'పిల్లాడు గట్టివాడు' అని మురిసిపోయే ప్రమాదం ఉంది. ఆ పొట్ట తిండివల్ల వచ్చింది కాదు, కాలేయం పెరిగి వచ్చింది.

1994లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం లెప్టిన్‌ను కనుక్కోవడంతో పరిశోధనకు దారి దొరికింది. కొవ్వు కణాలు విడుదల చేసే ఈ హార్మోను 'నిల్వలున్నాయి, ఇక చాలు' అని మెదడుకు కబురు పంపుతుంది. కొవ్వే లేని మనిషికి ఆ కబురు అందదు. కడుపు నిండా తిన్నా ఆకలి తీరదు. 1999లో శాస్త్రవేత్తలు బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌ల ప్రయోగశాలలో కొవ్వు లేని ఎలుకలకు లెప్టిన్ ఇస్తే ఇన్సులిన్ మళ్లీ పనిచేయడం మొదలుపెట్టింది.

ఆ ఫలితం మనుషుల మీద నిలబడుతుందా అన్నది 2002 ఫిబ్రవరిలో తేలింది. ఎలిఫ్ ఓరల్, అభిమన్యు గార్గ్, ఫిలిప్ గోర్డెన్ తదితరులు అమెరికాలో జరిపిన ఆ ట్రయల్‌లో పాల్గొన్నది తొమ్మిది మందే. అందరూ ఆడవాళ్లు, 15 నుంచి 42 ఏళ్ల వయసువారు. ఎనిమిది మందికి మధుమేహం ఉంది. రోజుకు రెండుసార్లు చర్మం కింద లెప్టిన్ ఇంజెక్షన్, నాలుగు నెలల పాటు. మూడు నెలల చక్కెర సగటును చూపే హెచ్‌బీఏ1సీ 1.9 పాయింట్లు తగ్గింది. ట్రైగ్లిజరైడ్లు 60 శాతం, కాలేయం పరిమాణం 28 శాతం తగ్గాయి. చక్కెర మందులు కొందరికి మాన్పించగలిగారు, కొందరికి బాగా తగ్గించారు. తొమ్మిది మందితో వైద్యశాస్త్రం ఒక అడుగు ముందుకు వేసిందంటే నమ్మడం కష్టం. కానీ ఇంతటి అరుదైన జబ్బుకు వేలమందిని పోగుచేయడం ఏ దేశంలోనూ సాధ్యం కాదు.

చిక్కు కూడా అక్కడే వచ్చింది. సగం మందికి ప్లాసిబో అనే ఉత్తుత్తి మందు ఇచ్చి పోల్చి చూడటం ట్రయల్స్‌లో ఆనవాయితీ. అంతమంది రోగులు లేనందున ఇక్కడ రోగి చికిత్సకు ముందు ఎలా ఉన్నాడు, తర్వాత ఎలా ఉన్నాడు అన్నదే పోలిక. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2014 ఫిబ్రవరిలో లెప్టిన్‌కు మందు రూపమైన మెట్రెలెప్టిన్‌కు అనుమతి ఇచ్చినప్పుడు ఒంటినిండా కొవ్వు లేని 48 మంది ఫలితాలే ఆధారం. పాక్షిక రకానికి ఆ అనుమతి దక్కలేదు. లింఫోమా అనే క్యాన్సర్ వచ్చే అవకాశం, శరీరం సొంత లెప్టిన్‌నే అడ్డుకునే ప్రతిదేహాలు పుట్టడం అనే రెండు భయాల వల్ల మందు పంపిణీపై గట్టి షరతులు పెట్టారు. జపాన్ అంతకు ముందే, 2013లో అనుమతించింది. ఐరోపా 2018లో పాక్షిక రకంలోని కొందరికి కూడా ఒప్పుకుంది. వేర్వేరు చోట్ల వేర్వేరు తీర్పులు రావడంలో తప్పేమీ లేదు. లెక్క చిన్నదైనప్పుడు జాగ్రత్త ఎటువైపు ఉండాలన్నది నిజంగానే కష్టమైన ప్రశ్న.

ఈ అరుదైన రోగం ఆంధ్రప్రదేశ్‌కు పెద్ద ఎత్తున వచ్చింది జన్యువుల దారిలో కాదు, మందుబిళ్ల దారిలో. 2004 ఏప్రిల్ 1న కేంద్రం ఉచిత హెచ్‌ఐవీ చికిత్స మొదలుపెట్టినప్పుడు, కేసులు ఎక్కువగా ఉండి ముందుగా ఎంచుకున్న రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. అప్పటి మందుల కలయికలో ముఖ్యమైనది స్టావుడిన్. చవక, ప్రాణాలు నిలబెట్టింది. కానీ అది కణంలోని మైటోకాండ్రియా డీఎన్‌ఏను దెబ్బతీసి కొవ్వు కణాలను చంపేది. కొంతకాలం వాడాక బుగ్గలు లోపలికి పీక్కుపోయేవి, కణతలు గుంటలు పడేవి, చేతుల మీద నరాలు తాళ్లలా తేలేవి. వైరస్ అదుపులో ఉండేది, బలం పుంజుకునేవారు. కానీ 'ఏటిలా సిక్కిపోనావు' అన్న ఒక్క పలకరింపు ఉత్తరాంధ్రలో రహస్యాన్ని బయటపెట్టడానికి సరిపోయేది. ముఖమే జబ్బు పేరు చెప్పేస్తుందన్న భయంతో మందు మానాలనుకోవడాన్ని తప్పుపట్టలేం.

స్టావుడిన్‌ను పక్కకు తప్పించింది కూడా క్లినికల్ ట్రయలే. సుమారు 600 మంది మీద 144 వారాలు జరిపి 2004లో ప్రచురించిన పోలికలో లైపోడిస్ట్రోఫీ స్టావుడిన్ వాడినవారిలో 19 శాతానికి, టెనోఫోవిర్ వాడినవారిలో 3 శాతానికి కనిపించింది. వైరస్‌ను అణచడంలో రెండూ దాదాపు సమానమే. ఇంత తేడా తెలిసినా, స్టావుడిన్‌ను దశలవారీగా మానేయమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది 2009లో. ఆ అయిదేళ్ల ఆలస్యానికి ప్రధాన కారణం ధర. దాన్ని దించిన వాటిలో తెలుగు నేల మీది కర్మాగారాలూ ఉన్నాయి. విశాఖ శివార్లలోని పరవాడ ఫార్మాసిటీలో లారస్ ల్యాబ్స్, నక్కపల్లిలో హెటెరో సంస్థల యూనిట్లు ఉన్నాయి. రెండూ హెచ్‌ఐవీ మందులు, వాటి ముడిపదార్థాల తయారీలో పేరున్న సంస్థలే. రెండు ఊళ్లూ 2022 నుంచి అనకాపల్లి జిల్లాలోకి వచ్చాయి. ఉక్కు, ఓడరేవు అని చెప్పుకునే విశాఖ పేరు పక్కన ఈ బిళ్లల సంగతి కూడా రాయాలి.

విశాఖలో రోగులు వచ్చే చోటు మహారాణిపేటలోని కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్). 1923లో మొదలైన ఆంధ్ర వైద్య కళాశాలకు ఇది బోధనాసుపత్రి. శ్రీకాకుళం, విజయనగరం, మన్యం నుంచే కాక ఒడిశా, ఛత్తీస్‌గఢ్ నుంచి కూడా జనం వస్తారు. అరుదైన జబ్బును వెతికేవారికి ఇంత విశాలమైన పరిధి పెద్ద వనరు. ట్రయల్స్ అన్న మాటా ఇక్కడివారికి కొత్త కాదు. 2020 జులైలో కొవిడ్ టీకా కొవాగ్జిన్ పరీక్షలకు ఐసీఎంఆర్ ఎంచుకున్న 12 సంస్థల జాబితాలో కేజీహెచ్ పేరు ఉంది.

ట్రయల్ అనగానే తెలుగువారికి చేదు జ్ఞాపకమూ ఉంది. 2009-10లో ఖమ్మం జిల్లాలో బాలికలకు హెచ్‌పీవీ టీకా వేసిన అధ్యయనంలో అంగీకార పత్రాలు తీసుకున్న తీరును 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది. అదే ఏడాది నుంచి కొత్త మందుల ట్రయల్స్‌లో అంగీకారం తీసుకోవడాన్ని వీడియోలో నమోదు చేయాలన్న నిబంధన వచ్చింది. 2015లో దానికి ఒక సవరణ చేశారు. హెచ్‌ఐవీ, కుష్ఠు మందుల ట్రయల్స్‌లో గొంతు మాత్రం రికార్డు చేస్తే చాలు, ముఖం అక్కర్లేదు. స్టావుడిన్ కాలంలో చిక్కిపోయిన ముఖాన్ని దాచుకుని తిరిగిన మనిషికి ఆ చిన్న సవరణ విలువ బాగా అర్థమవుతుంది.

2019 మార్చిలో వచ్చిన కొత్త ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు అరుదైన జబ్బుల మందును మొదటిసారి నిర్వచించాయి. దేశంలో అయిదు లక్షల మందికి మించని జబ్బుకు వాడేది ఆ కోవలోకి వస్తుంది. 2021లో అరుదైన వ్యాధుల జాతీయ విధానం వచ్చింది. తెలుగువారికి దగ్గరలోని ప్రత్యేక కేంద్రం హైదరాబాద్‌లో, నిమ్స్, సీడీఎఫ్‌డీ సంస్థలు కలిసి నడిపేది. విశాఖ నుంచి అక్కడికి రైలులో ఒక రాత్రి ప్రయాణం.

హెచ్‌ఐవీ చికిత్స ఇప్పుడు టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిసిన ఒకే బిళ్లకు చేరింది. పీక్కుపోయిన బుగ్గలు కొత్త రోగుల్లో దాదాపు కనిపించవు. 2019లో దక్షిణాఫ్రికా నుంచి వెలువడిన అడ్వాన్స్ ట్రయల్ మరో సంగతి తెలిపింది. డోలుటెగ్రావిర్ వాడిన వారు, ముఖ్యంగా ఆడవాళ్లు, బరువు పెరుగుతున్నారు.