రుజువు భారం ఎవరిది? నెల్లూరు తీరంలో యానాదుల వెట్టి, పాట అనే సాక్ష్యం

ఉపోద్ఘాతం

వెట్టిచాకిరీకి సంబంధించిన లిఖిత ఆధారాలు సాధారణంగా అప్పు ఇచ్చినవారి ఇంట ఉంటాయి. బాకీ పుస్తకం రాసేది ఆసామి. అందులో వేలిముద్ర వేసేది పనివాడు. ఆ పుస్తకానికి ఎక్కని దెబ్బలూ, పస్తులూ, తెల్లవార్లూ కాసిన కాపలాలూ పనివాడి జ్ఞాపకంలోనే మిగులుతాయి. నెల్లూరు తీరంలో అప్పుకు కట్టుబడి బతికిన యానాదుల చరిత్ర రాయబూనిన పరిశోధకునికి ఎదురయ్యే మొదటి చిక్కు ఇదే. ఇటువంటి స్థితిలో వారి పాటనూ ఆటనూ చారిత్రక సాక్ష్యంగా స్వీకరించవచ్చునా అన్నదే ఈ వ్యాసంలోని చర్చనీయాంశం.

చట్టం మారినా వీడని అప్పు

మనిషిపై మనిషికి యాజమాన్య హక్కును న్యాయస్థానాలు గుర్తించరాదని 1843 నాటి ఐదవ చట్టం నిర్దేశించింది. అయితే ముందస్తు సొమ్ము తీసుకొని పని మానిన కార్మికుణ్ణి శిక్షించే మరొక చట్టం 1859లో వచ్చి, 1925 వరకు కొనసాగింది. బానిసత్వమనే పేరు పోయినా అడ్వాన్సు రూపంలో దాని పట్టు సడలలేదు. 1911 నుంచి మద్రాసు ప్రెసిడెన్సీలో అమలైన నేరస్థ తెగల చట్టం దీనికి తోడయింది. యానాదులలో కొందరు ఆ చట్టం కింద నమోదయ్యారు. పోలీసుల అనుమానం నుంచి కాపాడగలిగిన ఆసామే అప్పు ఇచ్చినవాడు కూడా అయినప్పుడు, అతని నీడ విడిచి పోవడం ఎంత కష్టమో ఊహించవచ్చు.

నాటి నెల్లూరు జిల్లాలోని శ్రీహరికోట దీవిని ప్రభుత్వం 1835లో స్వాధీనం చేసుకుంది. మద్రాసు నగరానికి వంటచెరకు అందించిన ఆ అడవి యానాదుల నివాసం. 1969లో అదే దీవి రాకెట్ ప్రయోగ కేంద్రానికి ఎంపిక కావడంతో అక్కడి కుటుంబాలు స్థానభ్రంశం చెందాయి. తీరం వెంబడి పొలం కాపలాకూ పశువుల మేతకూ కుదిరిన యానాదులలో కొందరు 1990ల నాటికి రొయ్యల గుంటల గట్ల మీద కాపలాదారులయ్యారు. పని మారింది గాని, ముందుగా తీసుకున్న సొమ్ముతో మొదలయ్యే బంధం చాలాచోట్ల మారలేదు.

డప్పును విని మాటను వినని గ్రంథం

1909లో వెలువడిన థర్‌స్టన్, రంగాచారిల ఏడు సంపుటాల కులాల గ్రంథంలో యానాదుల గురించి విస్తారమైన సమాచారం ఉంది. పసుపు పూసుకొని, పూలు ధరించి వారు ఆడే ఆటనూ, డప్పు మోతనూ, తిత్తినీ ఆ గ్రంథం నమోదు చేసింది. వారి పాటలకు మాత్రం అర్థం లేదని తీర్పు చెప్పింది. డప్పు ధ్వనిని అక్షరాలలో అనుకరించిన ఆ రచన పాటలోని మాటను రాసుకోలేదు. యానాదుల పక్షాన పనిచేసి, 1962లో వారిపై సమగ్ర గ్రంథం ప్రచురించిన నెల్లూరు వాసి వెన్నెలకంటి రాఘవయ్య కృషి అమూల్యమైనది. అయినా అది ఒక మిత్రుడు చెప్పిన సాక్ష్యం. అనుభవించినవారి గొంతుకు అది ప్రత్యామ్నాయం కాజాలదు.

తెలంగాణ అనుభవం ఇందుకు భిన్నమైనది. సాయుధ పోరాటంలో పాల్గొన్న బండి యాదగిరి కట్టిన పాట జనం నోట నిలిచి, మూడు దశాబ్దాల తరువాత ‘మా భూమి’ చిత్రంలో గద్దర్ గొంతులో వినిపించింది. గడీలోని దాసి బతుకును బి. నర్సింగరావు 1988లో ‘దాసి’ చిత్రంగా మలిచారు. అక్కడ పాటను మోసుకుపోవడానికి ఒక ఉద్యమం ఉంది. ఊరి చివర రెండు మూడు గుడిసెలుగా చెదిరి బతికిన యానాదులకు అంతటి వాహకం దొరకలేదు. కనుక లోపం పాటలో లేదు, వినికిడిలో ఉంది.

చట్టం నేర్పే పద్ధతి

1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం నోటిమాటగా జరిగిన ఒప్పందాన్ని కూడా ఒప్పందంగానే పరిగణించింది. ఒక అప్పును వెట్టి అప్పు అని పనివాడు చెప్పినప్పుడు, అది కాదని రుజువు చేసే భారాన్ని అప్పు ఇచ్చినవానిపై మోపింది. బలవంతపు చాకిరీ కనిపిస్తే దాని వెనుక అడ్వాన్సు ఉన్నట్లు భావించవచ్చునని 1983లో బంధువా ముక్తి మోర్చా కేసులో సుప్రీంకోర్టు పేర్కొంది. నిరక్షరాస్యుణ్ణి కాగితం చూపమనడం అన్యాయమని న్యాయశాస్త్రం గ్రహించింది. చరిత్ర రచన మాత్రం నేటికీ కాగితమే అడుగుతున్నది.

పాటను సాక్ష్యంగా స్వీకరించడమంటే దాన్ని పరీక్షించకుండా నమ్మడం కాదు. తేదీల కోసం, అప్పు మొత్తాల కోసం పాటను ఆశ్రయించలేము. ఏ పనిని అవమానంగా భావించారు, ఎవరికి భయపడ్డారు, ఎక్కడ నవ్వుకున్నారు అన్నవి మాత్రం పాటలోనే దొరుకుతాయి. పాటలో ఆసామి పేరు లేకపోవడం కూడా భయానికి ఆనవాలు కావచ్చు. గాయకుడు ఇంకా ఆ ఊరిలోనే, ఆ అప్పు కిందనే ఉండవచ్చు గనుక అతని పేరును గోప్యంగా ఉంచడం పరిశోధకుని ప్రథమ ధర్మం.

ముగింపు

నెల్లూరు తీరంలో వెట్టిని దాటి వచ్చిన తరం ఇంకా మన మధ్య ఉంది. వారి పాటలను పూర్తి పాఠంతో, పాడినవారే చెప్పే వివరణతో, వారి అనుమతితో నమోదు చేయడం విశ్వవిద్యాలయాల తెలుగు, చరిత్ర శాఖలు కలిసి చేపట్టవలసిన పని. ఆ పాటలకు అర్థం లేదని 1909లో వెలువడిన తీర్పును నిరూపించవలసిన భారం ఇప్పుడు చరిత్రకారులదే గాని, పాడినవారిది కాదు.