కరువు పని పద్దు

పల్నాడులో దాచేపల్లి, గురజాల, రెంటచింతల వైపు ఉపాధి హామీ పథకాన్ని చట్టం పేరుతో పిలిచేవాళ్లు తక్కువ. అది 'కరువు పని'. వానలు దండిగా కురిసి సాగర్ కాలువ నిండుగా పారిన ఏడు కూడా అది కరువు పనే. 2006లో అమలుకొచ్చిన పథకానికి జనం పాత పేరే తగిలించారు. ఆ పాత పేరు వెనక ఈ సీమ జ్ఞాపకం ఉంది: ప్రకృతి చెడినప్పుడు సర్కారు పద్దు తెరుస్తుంది, ఆ పద్దులో పేరు ఎక్కాలంటే గంప ఎత్తాలి. కరువును, వడగాడ్పును, తుపానును తట్టుకోవడానికి పెట్టే ఖర్చులో ఆడవాళ్లకు చేరేదెంతో లెక్క తీయాలని ఇప్పుడు ప్రపంచమంతటా అంటున్నారు. దానికి జెండర్ బడ్జెట్ అని పేరు. మాట కొత్తదే కానీ, పల్నాడు మెట్టల్లో ఆ లెక్కకు దాదాపు నూట యాభై ఏళ్ల చరిత్ర ఉంది. ఆ చరిత్రలో ఒక తీరు స్పష్టంగా కనిపిస్తుంది. డబ్బును పనికి ముడిపెట్టినప్పుడు, తక్కువగానైనా సరే, అది ఆడవాళ్ల చేతికి చేరింది. పట్టాకు ముడిపెట్టినప్పుడు వాళ్లను దాటి పోయింది. అందుకే ఎంత శాతం ఇచ్చారని అడిగే ముందు, దేన్ని చూసి ఇచ్చారని అడగాలి.

నందన సంవత్సరపు కరువు నాటికి, అంటే 1832-33 నాటికి, అలాంటి పద్దే లేదు. పల్నాడు ఉన్న గుంటూరు జిల్లాలో అప్పటి జనాభా ఐదు లక్షలైతే లక్షన్నర నుంచి రెండు లక్షల మంది చనిపోయారని లెక్కలు. దాన్నే డొక్కల కరువు అన్నారు. ధాత కరువు (1876-78) వచ్చేసరికి గుంటూరు జిల్లాయే లేదు; 1859లో దాన్ని కృష్ణా జిల్లాలో కలిపేశారు, మళ్లీ విడదీసింది 1904లో. ఆ కరువులో మద్రాసు రాజధానికి వైస్రాయి లిట్టన్ పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ 1877 జనవరిలో కరువు పనుల కూలిని కుదించాడు. మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా. ఆడమనిషికీ పనిచేసే పిల్లలకీ ఇంకొంచెం తక్కువ. ఆ కూలితో మనిషి బతకడని రాజధాని ఆరోగ్య కమిషనర్ కార్నిష్ గట్టిగా వాదించాడు, తర్వాత కూలి పెంచారు. కృష్ణా కాలువలను మద్రాసుతో కలిపిన బకింగ్‌హాం కాలువలో కొంత భాగం ఆ కరువులోనే కరువు పనిగా తవ్వించినది. ఆ తర్వాత వచ్చిన కరువు నియమావళులు తవ్వేవాడికి ఒక కూలి, మోసేవాళ్లకు ఇంకొకటి అని రాసుకున్నాయి. మోసేవాళ్లంటే ఎక్కువగా ఆడవాళ్లే. ఇందులో అన్యాయం కళ్లకు కట్టినట్టే ఉంది. అయినా ఆ లెక్కలో ఆడమనిషికి తన పేరున ఒక గడి ఉంది. ఎంత తక్కువ ఇచ్చారో రాసి పెట్టారు గనక, ఎక్కువ ఇవ్వమని అడగడానికి ఆధారమూ మిగిలింది.

కాలువ వచ్చాక ఆ గడి మాయమైంది. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు, 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. రాతి కట్టడం కావడంతో ఆనకట్ట కట్టింది యంత్రాలకన్నా ఎక్కువగా మనుషులే. రాళ్లు, సున్నం తట్టలు మోసినవాళ్లలో ఆడవాళ్లు ఎందరో. అయితే నీళ్లు పారినప్పుడు లెక్క ఆయకట్టు ఎకరాలకు మారింది. కరువు నుంచి కాపాడే ఖర్చుల్లో ఈ ప్రాంతం చూసిన అతి పెద్దది కుడి కాలువ. దాని ఫలం పట్టా ఉన్నవాడి పొలం గట్టు దగ్గరే ఆగింది. 1997లో రాష్ట్రం రైతుల సాగునీటి నిర్వహణ చట్టం తెచ్చి, పదివేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలకు ఎన్నికలు పెట్టింది. ఆ రోజుల్లో అది దేశానికే కొత్త దారి. కాని ఆ సంఘంలో ఓటు భూమి ఉన్నవాళ్లది. నీళ్లు ఏ రాత్రి వస్తాయో, చివరి తూముకు వస్తాయో రావోనన్న దానిమీద రేపటి నాటు కూలీ, కలుపు కూలీ ఆధారపడిన మనిషికి ఆ సంఘంలో మాట లేదు. భూమి కాగితం కూతుళ్లకూ రావాలని ఆంధ్రప్రదేశ్ 1985లోనే, కేంద్రంకన్నా ఇరవై ఏళ్ల ముందే, హిందూ వారసత్వ చట్టాన్ని సవరించిందన్న మాట నిజమే. ఆడవాళ్ల పేర ఉన్న కమతాల వాటా ఇక్కడ దేశ సగటుకన్నా ఎక్కువన్నదీ నిజమే. అయితే అసలు భూమే లేని ఇంట్లో వారసత్వ చట్టం పంచేదేముంది?

సర్కారు డబ్బుకు దారి తెరిచే తాళంచెవి పట్టాయే అయితే అది ఎంత కఠినమో తేల్చింది పత్తి. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని తెల్లదోమ ఊడ్చేసింది. మందు మీద మందు కొట్టారు, అప్పు మీద అప్పు తెచ్చారు, చివరికి రైతులు ఆత్మహత్యలు చేసుకున్నారు. ఆ చేలల్లో కలుపు తీసింది, పత్తి తీసింది, మందు కొట్టిన చేలోకి మళ్లీ వంగింది ఆడవాళ్లే. 2004 జూన్‌లో వచ్చిన జీవో 421 ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి లక్ష రూపాయల సాయం, అప్పుల పరిష్కారానికి మరో యాభై వేలు ఇవ్వమంది. దానికి ముందు ముగ్గురు అధికారుల కమిటీ చనిపోయినవాడు రైతేనని తేల్చాలి. భూమి కాగితం, అప్పు కాగితం చూపాలి. నోటి మాట మీద కౌలు చేసినవాడి భార్య ఏ కాగితం చూపుతుంది? చనిపోయింది ఆడమనిషైతే ఆమెను రైతుగా రాయడం మరీ అరుదు, పేరున పట్టా ఉండదు గనక.

డబ్బు ఇంటి యజమాని పేర పడినా తినేది ఇల్లంతా కదా, విడిగా ఆడవాళ్ల లెక్క ఎందుకని చాలామంది అడుగుతారు. మంచి మనసుతోనే అడుగుతారు. దానికి జవాబు పైన చెప్పినదే. ఇల్లు నిలబడి ఉన్నన్నాళ్లు ఆ వాదనలో కొంత నిజం ఉండవచ్చు. ఇల్లు కూలిన రోజున, సాయం ఎక్కువ అవసరమైన రోజున, అది పనికిరాదు.

కరువు పని మళ్లీ తలెత్తింది 2006 ఫిబ్రవరి 2న, అనంతపురం జిల్లా బండ్లపల్లిలో. ఈసారి చట్టం ఆడ మగ కూలి ఒకటే అంది, లబ్ధిదారుల్లో కనీసం మూడో వంతు ఆడవాళ్లు ఉండాలంది. పిల్లలు ఐదుగురు, అంతకు మించి ఉంటే వాళ్లను చూసే మనిషిని పెట్టమంది. ఆంధ్రలో ఆడవాళ్ల పనిదినాలు సగం దాటాయి. టెంపుల్ కూలికీ దీనికీ మధ్య ఉన్న దూరం చిన్నది కాదు. దీనికి ఒక్క ఏడాది ముందు, 2005-06లో, కేంద్రం మొదటిసారి జెండర్ బడ్జెట్ పత్రం పెట్టింది. 2008లో వాతావరణ మార్పుపై జాతీయ కార్యాచరణ ప్రణాళిక వచ్చింది. మూడూ మూడు దారుల్లో నడిచాయి. వాటిని కలిపే పని పల్నాడు ఎండలో ఒక చిన్న పద్దు చేసింది: వేసవి భత్యం. రెంటచింతల రాష్ట్రంలోనే ఎండలకు పేరుమోసిన ఊరు. ఉపాధి కూలి కొలతల మీద వస్తుంది. తవ్విన మట్టి తగ్గితే డబ్బు తగ్గుతుంది. ఎండలో నేల గట్టిపడుతుంది, ఒళ్లు సహకరించదు. అందుకని ఫిబ్రవరి నుంచి జూన్ దాకా నెలనుబట్టి 20 నుంచి 30 శాతం దాకా అదనంగా కట్టేవారు. దాన్ని ఎవరూ వాతావరణ పద్దు అనలేదు, ఆడవాళ్ల పద్దూ అనలేదు. నా దృష్టిలో ఇక్కడ అమలైన వాటన్నిటిలోకీ సిసలైన జెండర్ వాతావరణ బడ్జెట్ అదే. ఎండ దెబ్బ ఎవరి ఒంటి మీద పడుతుందో చూసి, ఆ ఒంటి పనికే డబ్బు కట్టింది. 2015 మేలో వడగాడ్పులకు ఆంధ్రలో వెయ్యి మందికి పైగా చనిపోయిన సంగతి గుర్తుంటే దాని విలువ తెలుస్తుంది. తర్వాతి ఏళ్లలో ఆ భత్యం నిలిచిపోయింది. ఏ జెండర్ పత్రంలోనూ ఆ పేరున ఒక వరుస లేదు గనక, అది పోయిన లోటూ ఏ పత్రంలోనూ కనపడలేదు.

మిరప రైతుది ఇంకో అభ్యంతరం. జనవరి నుంచి ఏప్రిల్ దాకా కోతలు. కాయ చెట్టు మీద ఎండి రాలే వేళ కూలీలు కరువు పనికి పోతే తన గతేమిటని. ఈ బాధ నిజం. ఈ రైతుల్లో చాలామంది కౌలుదారులే, కోతకు కర్నూలు వైపు నుంచి కూలీలను పిలిపించుకునేవాళ్లే. అయితే కూలీ దొరకకపోవడం అన్నది కోతకొచ్చే మనిషి వైపు నుంచి చూస్తే బేరమాడే వీలు. కళ్లంలో ఆరబోసి, తాలుకాయ ఏరి, తొడిమ తీసే చేతికి ఇన్నాళ్లూ లేనిది అదే. కాయకు ధర, పంటకు బీమా అందక రైతు పడే కష్టాన్ని కూలి తగ్గించి తీర్చాలనడం, ఆ కష్టాన్ని అందరికన్నా బలహీనమైన చేతికి బదిలీ చేయడమే.

పనికీ పట్టాకూ కాక ఇంకో తాళంచెవి కూడా ఇక్కడే తయారైంది: సంఘం. 2004 తర్వాత పురుగుమందులు లేని సాగుకు డబ్బు ఆడవాళ్ల పొదుపు సంఘాల గ్రామ సమాఖ్యల ద్వారా నడిచింది. 2016 నుంచి రైతు సాధికార సంస్థ ప్రకృతి సేద్యాన్ని ఆ సంఘాల మీదుగానే ఊరూరికీ తీసుకెళ్లింది, 2024లో ఆ కార్యక్రమానికి గుల్బెంకియన్ బహుమతి వచ్చింది. తెల్లదోమ నాటి పత్తి నేలకు ఇది గొప్ప మలుపు. కాని కషాయం కాచేది, జీవామృతం కలిపేది, సమావేశానికి వెళ్లేది కూడా ఆడవాళ్లే అయినప్పుడు ఆ గంటలకు పద్దు ఉండాలి. లేకపోతే రసాయనాలకు పెట్టే డబ్బు ఆదా అయి, ఆడవాళ్ల ఉచిత శ్రమ పెరుగుతుంది. అటువైపు పట్టా తాళంచెవి అలాగే ఉంది. 2024-25 కేంద్ర జెండర్ పత్రంలో కొత్తగా చేర్చిన మూడో భాగంలో పీఎం కిసాన్ కింద చూపింది 15,000 కోట్లు. ఆ పథకం మొత్తం కేటాయింపు 60,000 కోట్లు. అంటే నాలుగో వంతు. ఈ నాలుగో వంతు పొలంలో ఆడవాళ్లు చేసే పనికి కొలత కాదు, పాసుపుస్తకంలో వాళ్ల పేరు ఎంత ఉందో దానికి కొలత. పల్నాడులో ఇప్పుడు ఏ కొత్త వాతావరణ పథకం వచ్చినా, దాని దరఖాస్తులో మొదటి గడి ఏమడుగుతుందో చూడాలి: సర్వే నంబరా, పనిదినాలా.